నీలం మట్టి డబ్బా

ప్రయోగశాల, రెండో అంతస్తు
జూన్ 3

వదినకు,

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. మన ఇద్దరి పేర్లతో అచ్చయిన పేపరు తప్పు. దాన్ని నమ్మి మీ ఆసుపత్రివాళ్ళు మెదడు ఆపరేషన్లలో మన ఎలక్ట్రోడ్లు వాడబోతున్నారని, ఆగస్టు ఇరవైన సంతకాలు అవుతాయని అన్నయ్య మాటల్లో తెలిసింది. ఆలోగా ఆ తప్పు మనమే చెప్పాలి. నువ్వు ఫోను ఎత్తడం లేదు. ఎత్తినా ఇద్దరం అరుచుకుంటాం, కాబట్టి కాగితమే నయం.

జరిగింది ఇది. పోయిన నెల ల్యాబులో నీలం మట్టి అయిపోయింది. అదే, పిల్లలు బొమ్మలు చేసుకునే నూనె మట్టి. డబ్బాలో దాన్ని పట్టీలా పరిచి, ఎలక్ట్రోడ్ల గాజు గొట్టాలను దానికి అతికించి పెడితే కొనలకు దెబ్బ తగలదని నువ్వు పెట్టిన అలవాటు. ఇప్పుడు ఇక్కడ అందరూ అదే చేస్తారు. ఆ రోజు మట్టి లేదు. అప్పుడే తయారు చేసిన సాదా ఎలక్ట్రోడ్లను ఎక్కడ పెట్టాలో తోచక, ఆ మధ్యాహ్నమే మనం పరీక్షకు వాడే పసుపు రంగు ద్రావణంలో ముంచి కొలిచేశాను. తెర మీద గీత, ఎలక్ట్రాన్ వేగంగా దాటుతున్నట్టు, నిటారుగా లేచింది వదినా. నువ్వు శుద్ధి చేసినవి ఎలా లేస్తాయో అచ్చం అలాగే.

యంత్రం పాడైందనుకున్నాను. కొత్త మట్టి తెప్పించి, అదే ఎలక్ట్రోడ్లను డబ్బాలో వారం ఉంచి మళ్ళీ కొలిచాను. గీత వాలిపోయింది. ఇంకో జట్టును మట్టికి తగలకుండా, అదే డబ్బాలో గాజు స్టాండు మీద పెట్టాను. అవీ వాలిపోయాయి. మట్టిలోని నూనె గాలిలోకి లేచి కార్బన్ కొన మీద పొరలా పడుతోంది.

మనం పేపరులో ఏం రాశాం? సాదా కార్బన్ పోగు మీద ఎలక్ట్రాన్ నెమ్మదిగా దాటుతుంది, ఎక్కువ వోల్టేజీతో శుద్ధి చేస్తే ఆ ఉపరితలమే మారిపోయి చకచకా దాటుతుంది అని. కానీ మనం పోల్చిందేమిటో గుర్తు చేసుకో. సోమవారం నేను అన్నీ చేసి మట్టి డబ్బాలో పెట్టేదాన్ని. శనివారం నువ్వు సగం తీసి శుద్ధి చేసి అప్పటికప్పుడే కొలిచేదానివి. మిగతా సగం మట్టిలోంచి తీసి నేరుగా ముంచేదానివి. అంటే స్నానం చేసి వచ్చినవాణ్ణి, వారం రోజులు షెడ్డులో పనిచేసి వచ్చినవాణ్ణి పక్కపక్కన నిలబెట్టి, మొదటివాడు తెల్లగా పుట్టాడని రాశాం.

పత్రికకు ఒక ఉత్తరం రాద్దాం. ఇద్దరి పేర్లతో. నువ్వు ఊ అంటే ముసాయిదా నేనే రాస్తాను.

అమ్మ బాగుంది. నేను ఇల్లు చేరగానే రోజూ "ఇవాళ దాటిందా?" అని అడుగుతుంది. దాటిందంటాను. "మరి ఇన్నాళ్ళూ దాన్ని ఆపిందెవరే?" అంటుంది. ఇప్పుడు తెలిసింది గానీ ఇంకా చెప్పలేదు.

ఈ కవరు అన్నయ్య శనివారం తెచ్చిస్తాడు.

నీ మరదలు

*

ఆసుపత్రి, పరికరాల విభాగం
జూన్ 12

పరిశోధక విద్యార్థిని గారికి,

ఇది ఉద్యోగపు విషయం కాబట్టి 'మీరు' అనే అంటాను. అలవాటు చేసుకోండి.

మీ ఉత్తరం మీ అన్నయ్య స్వయంగా తెచ్చిచ్చారు. "చూడు ఎంత లావుందో, నీ మీద బెంగ పెట్టుకుంది పిల్ల" అని మురిసిపోయారు. ఆయన ముందే విప్పాను. ఆయన టీ తాగి, చెప్పులేసుకుని వెళ్ళేదాకా నవ్వు ముఖంతో కూర్చోవలసి వచ్చింది. నాలుగు పేజీల్లో నా పదేళ్ళ పని మీద మట్టి పోసి, చివర్న అమ్మ బాగుందని రాశారు. సంతోషం.

ఇక అసలు సంగతి. సాదా ఎలక్ట్రోడ్లు చేసింది ఎవరు? మీరు. ఆ చేతులకు పొద్దున జడకు రాసుకున్న నూనె ఉండేది. గ్లవ్స్ వేసుకోమని ఎన్నిసార్లు చెప్పాను? "చేతికి ఊపిరాడదు వదినా" అనేవారు. డబ్బాలోని మట్టి మీద నెపం వేసేముందు మీ జడ సంగతి చూసుకోండి. గాజు గొట్టం ఏ కొసన పట్టుకోవాలో తెలియని రోజుల్లో మీ వేళ్ళు పట్టుకుని నేర్పించాను. ఆ వేళ్ళే ఇప్పుడు నా వైపు చూపిస్తున్నారు.

మీ యంత్రాన్నీ నేను నమ్మను. నేనున్నప్పుడే దాని వైర్లు వదులు. ఒక మధ్యాహ్నం గీత నిటారుగా లేచిందని పేపరు తప్పయిపోతుందా? కిటికీ లోంచి ఎండ పడినా మీకు కొత్త సిద్ధాంతం కనిపించేలా ఉంది.

నా సంగతి చెబుతాను వినండి. ఏ ఎలక్ట్రోడైనా నా చేతికివ్వండి. పసుపు ద్రావణంలో ముంచి ఒక్క గీత చూస్తే, అది శుద్ధి చేసిందో సాదాదో చెప్పేస్తాను. కళ్ళకు గంతలు కట్టుకుని పని నేర్చుకున్నదాన్ని కాదు.

పత్రికకు ఏ ఉత్తరమూ వెళ్ళదు. నా పేరు వాడుకోవడానికి నేను ఒప్పుకోను.

ముఖ్య సాంకేతిక నిపుణురాలు

*

ప్రయోగశాల, రెండో అంతస్తు
జూన్ 20

వదిన గారికి,

మీరు 'మీరు' అన్నారు కాబట్టి నేనూ అంటున్నాను. నాకు అలవాటు కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి నవ్వొచ్చింది. నూనె మట్టిది కాదు, నా జడది అన్నారు. సరే, జడదే అనుకుందాం. అప్పుడైనా సాదావాటికి నూనె అంటిందని మీరే ఒప్పుకున్నట్టేగా? నూనె ఎవరిదైతేనేం, మనం పోల్చింది మురికిదాన్నీ శుభ్రమైనదాన్నీ. నన్ను తిట్టే తొందరలో నా మాటకే సాక్ష్యం చెప్పారు.

అయినా మీరు అడిగినవన్నీ చేశాను. గ్లవ్స్ వేసుకున్నాను. తర్వాత నేను ముట్టుకోకుండా, పక్క ల్యాబు అమ్మాయితో మొత్తం చేయించాను. ఆవిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటుంది, నూనె సీసా ముఖం కూడా చూడదు. ఫలితం మారలేదు. మట్టి డబ్బాలో ఉన్నవి వాలాయి, లేనివి నిటారుగా లేచాయి. ఇక వైర్ల సంగతి. రుథేనియం ద్రావణానికి ఉపరితలం ఎలా ఉన్నా పట్టింపు లేదని మీరే నేర్పారు. దాన్లో ముంచితే మురికివీ, శుభ్రమైనవీ, శుద్ధి చేసినవీ అన్నీ ఒకేలా లేచాయి. వైర్లు వదులైతే అక్కడా తేడా రావాలి. రాలేదు.

ఇంకోటి ఉంది. అందుకే నిద్ర పట్టడం లేదు. శుభ్రమైన సాదావాటినీ, మీరు చెప్పినట్టు శుద్ధి చేసినవాటినీ డోపమిన్‌లో, అదే మీ డాక్టరు మెదడులో కొలవబోయే రసాయనంలో, పెట్టి చూశాను. మీ శుద్ధి వట్టిది కాదు, దానికో పని ఉంది. శుద్ధి చేసిన కొన డోపమిన్‌ను దగ్గరకు లాక్కుని అంటిపెట్టుకుంటుంది, అందుకే సంకేతం పెద్దదవుతుంది. కానీ ఆలస్యంగా పెరుగుతుంది, ద్రావణం మార్చేశాక కూడా తొందరగా దిగదు. అంటే మనం త్వరగా పనిచేస్తుందని రాసింది నిజానికి వెనకబడుతోంది.

మీ డాక్టరు మన ఎలక్ట్రోడున్న వైరును మెదడులో కొంచెం కొంచెం జరుపుతూ, డోపమిన్ ఎక్కడ పెరుగుతుందో తెర మీద చూస్తాడు. తెర మీద కనబడేది వైరు ఇప్పుడున్న చోటు కాదు, దాటి వచ్చిన చోటు. అతను మన పేపరు చదివాడు కాబట్టి అదే సరైన చోటనుకుని అక్కడ ఆగి కరెంటు పెడతాడు. బల్ల మీద పడుకున్నవాళ్ళు మన పేపరు చదివి ఉండరు.

దీనికి జవాబు చెప్పండి. నా జడ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

మరదలు

*

ఆసుపత్రి
జూలై 1

ఉత్తరం అందింది. మీ గైడు సారుకు రాశాను. సూక్ష్మమైన పనికి కావలసిన శుభ్రత, ఓపిక మీలో లేవని, ఇంటి గొడవలను మీరు ప్రయోగాల్లోకి తెస్తున్నారని, సహరచయితగా తెలియజేయడం నా బాధ్యత అనిపించింది. ఇకపై ఏదున్నా ఆయన ద్వారా రాయండి.

*

ఇల్లు
జూలై 9

వదిన గారికి,

సారు ద్వారా రాయమన్నారు. రాయను. మీరు చేసిన పని మీకే నేరుగా చెప్పాలి.

సారు పిలిచారు. మీ ఉత్తరం బల్ల మీద పరిచి ఉంది. "ఏంటమ్మా, వదినా మరదళ్ళ పోట్లాటకు నా ల్యాబే దొరికిందా?" అన్నారు. గీతలు చూపించాను. చూడలేదు. "మీరిద్దరూ ఒక మాట మీదికి వచ్చేదాకా నీ థీసిస్ మీద నేను సంతకం పెట్టను" అన్నారు. గొట్టాలు సాగదీసే యంత్రం ముట్టుకోవద్దన్నారు. నా బల్ల మీద ఇప్పుడు ఎవరో కాగితాలు ఆరబెట్టుకుంటున్నారు.

మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనని మీకు తెలుసు. శుభ్రత లేదు అన్న ఒక్క మాట నన్ను ఎక్కడ కోస్తుందో కూడా మీకే తెలుసు. పాఠశాలలో అదే మాట అన్నారని నేను చెబితే, ఆ రోజు మీరు నా కోసం వెళ్ళి హెడ్ మాస్టారితో పోట్లాడి వచ్చారు. ఏ మాట ఎక్కడ తగులుతుందో తెలిసినవాళ్ళే అంత గురిగా కొట్టగలరు.

అమ్మ మీ ఉత్తరం సంగతి అడిగింది. క్షేమమని రాసిందన్నాను. అన్నయ్య ఊరుకోలేదు. "ఈ మధ్య కవర్లు పల్చబడ్డాయేంటే? మొదట్లో బరువుగా ఉండేవి. పోయినసారి మీ వదిన ఇచ్చింది జేబులో ఉందో లేదో తెలియలేదు" అన్నాడు. చదవడం రాని మనిషి మన గొడవను తూకం వేసి పట్టుకున్నాడు.

నా థీసిస్ పోతే పోనివ్వండి. పత్రికకు ఉత్తరం మాత్రం వెళ్తుంది.

*

ఆసుపత్రి వెనక గది
జూలై 22

అమ్మాయ్,

'మీరు' అనడం నాకు చేతకావడం లేదు, కోపం సరిగ్గా రావడం లేదు. నువ్వు అనే తిడతాను.

చాలా గొప్పదానివయ్యావు. బల్ల మీద పడుకున్నవాళ్ళ గురించి నాకు చెబుతున్నావు. నేను రోజూ వాళ్ళ మధ్యనే తిరుగుతున్నాను. నువ్వు రెండో అంతస్తులో కూర్చుని గీతలు చూసుకుంటున్నావు.

నాకు ఏం ఉందో ఎప్పుడైనా అడిగావా? వ్యాను తోలేవాణ్ణి చేసుకున్నానని మా వాళ్ళు నన్ను వదిలేశారు. మా నాన్న ఇప్పటికీ నా పేరు ఎత్తడు. ఆ పేపరు అచ్చయినప్పుడు ఒక ప్రతి ఆయనకు పంపాను. ఏమీ రాయలేదు, కానీ తిప్పి పంపలేదు. పెళ్ళయ్యాక నా నుంచి ఆయన తీసుకున్నది అదొక్కటే. అది తప్పని పత్రికలో అచ్చు వేయించి, దాని కింద కూడా నా పేరే పెట్టమంటున్నావు.

ఇక్కడ నాది ఏడాది ఒప్పందం. ఆగస్టు ఇరవైన సంతకాలైతే విభాగం నా చేతికి వస్తుంది. మీ అన్నయ్యకు ఇక్కడే అంబులెన్సు మీద పని ఇస్తామన్నారు. అత్తయ్యను కూడా తెచ్చుకుందామని ఇల్లు చూసి పెట్టాను. వంటగదికి రెండు కిటికీలున్నాయి. లేకపోతే ఈ గది, ఈ గదికి తాళం, శనివారం శనివారం వచ్చి వెళ్ళే మొగుడు. నీ నిజం కోసం ఇదంతా నేను కట్టాలి. నువ్వేం కడుతున్నావు?

నీ ప్రయోగాలు నాకు అక్కర్లేదు. ఇక్కడ మట్టి డబ్బాలు లేవు, అన్నీ మూత సీసాల్లో ఆల్కహాల్‌లోనే ఉంచుతాం. వచ్చిన కొత్తలో సాదావి కూడా నాలుగు కొలిచాను. తర్వాత అనవసరమని ఆపేశాను. శుద్ధి చేసినవే వాడుతున్నప్పుడు సాదావాటితో నాకేం పని?

సారుకు రాసిన ఉత్తరంలో శుభ్రత అన్న మాట గురించి నువ్వు రాసింది చదివాను. దాని మీద నేనేమీ రాయను.

మీ అన్నయ్యకు ఏమీ చెప్పకు.

వదిన

*

ఇల్లు
ఆగస్టు 2

వదినా,

చెప్పేశాను. నువ్వు చెప్పొద్దన్నా చెప్పేశాను. నీ కవరు ఇచ్చి వెళ్ళబోతూ అన్నయ్య ఆగి, "ఇది మళ్ళీ బరువుంది. మంచిదా, చెడ్డదా?" అన్నాడు. అబద్ధం నోట్లోకి రాలేదు. మెట్ల మీద కూర్చోబెట్టి మొదటి నుంచి అన్నీ చదివి వినిపించాను. నావి నా ముసాయిదాల్లోంచి, నీవి నీ రాతలోంచి. తిట్లు కూడా వదల్లేదు.

చివరిదాకా విన్నాడు. తర్వాత, "జడ నూనె మాట మాత్రం బాగా అంది" అన్నాడు. ఇంకాసేపటికి, "ఇంతకీ ఎవరిది నిజం?" అన్నాడు.

"అది నేను చెబితే కాదన్నయ్యా. ఎలక్ట్రోడ్లు చెప్పాలి."

"మరి వాటినే అడగండి. మధ్యలో నాతో ఈ తిట్లన్నీ మోయిస్తారెందుకు? ప్రేమగా రాసుకుంటున్నారనుకుని కవరు నలగకుండా సీటు కింద పెట్టి తెచ్చేవాణ్ణి."

దానికి జవాబు నువ్వే చూడు. నీ దగ్గర ఉంటే అతనికే చెప్పు.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. వచ్చిన కొత్తలో సాదావి నాలుగు కొలిచానన్నావు. మట్టి లేని చోట, సీసాలో శుభ్రంగా ఉన్నవి. ఆ నాలుగు గీతలు ఎలా లేచాయో రాయలేదు. వాలి ఉంటే మొదటి ఉత్తరంలోనే నా ముఖాన కొట్టి ఉండేదానివి. ఇన్ని తిట్లు తిట్టినదానివి ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశావో నేను అడగను. నువ్వు వాటిని చూసి కొలవడం ఆపేశావా, సరిగ్గా గమనించకుండానే ఆపేశావా అన్నది నీకే తెలుసు.

నేనేం కడుతున్నానని అడిగావు. నా థీసిస్‌లో సగం ఆ పేపరే. అది పోతే మళ్ళీ మొదలు పెట్టాలి, యంత్రం ముట్టుకోనిస్తేనే. రెండు కిటికీల వంటగదిలో నేనూ కూర్చుందామనే అనుకున్నాను. నీ అంత నష్టం నాకు లేదు, నిజమే. అలాగని లేనేలేదనకు.

ఈ పార్సిల్‌లో మూత సీసా ఉంది. మీ దగ్గర వాడేలాంటిదే, మురికి పీల్చుకోవడానికి ఆల్కహాల్‌లో బొగ్గుపొడి వేసి ఉంది. అందులో పన్నెండు ఎలక్ట్రోడ్లున్నాయి. పక్క ల్యాబు అమ్మాయి యంత్రం మీద చేశాను. కొన్నిటిని నువ్వు నేర్పిన పద్ధతిలోనే, అదే వోల్టేజీతో శుద్ధి చేశాను. కొన్ని సాదావి. రెండు జట్లూ రెండు సీసాల్లో పెట్టి, ఏది ఏదో అన్నయ్యకు చెప్పి బయటికి వచ్చేశాను. అతను తలుపేసుకుని, ఒక్కొక్కదాని వైరుకు తనకు నచ్చిన రంగు దారం కట్టి, అన్నీ కలిపి ఒకే సీసాలో పెట్టాడు. ఏ రంగు ఏమిటో నాకు తెలియదు. "కాగితం మీద రాసుకో, మర్చిపోతావు" అన్నాను. "నాకు రాయడం వస్తేగా? అదే మంచిది, మీరిద్దరూ దొంగచాటుగా చదవలేరు" అన్నాడు. అమ్మ అడిగినా చెప్పలేదు. అమ్మ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఏ ఎలక్ట్రోడైనా ఇస్తే పసుపు ద్రావణంలో ఒక్క గీత చూసి చెప్పేస్తానన్నావు. ఇవిగో, చెప్పు. నీ యంత్రం, నీ వైర్లు, నీ చేతులు. నా నూనె చేతులు దగ్గర్లో లేవు. రంగుల పక్కన శుద్ధిదో సాదాదో రాసి పంపు. నువ్వు సరిగ్గా గుర్తుపడితే నేను ఓడిపోయినట్టే. సారు ముందే ఒప్పుకుంటాను, థీసిస్‌లో మట్టి నూనె గురించి రాస్తున్న అధ్యాయం తీసేస్తాను, నిన్ను క్షమించమని అందరి ముందూ అడుగుతాను. అదే నేను కట్టేది. గుర్తుపట్టలేకపోతే పత్రికకు ఇద్దరం రాద్దాం, డోపమిన్ ఆలస్యం సంగతి మీ డాక్టరుకు నువ్వే చెప్పు. నీ పద్ధతి అంటిపెట్టుకునే పనికి మంచిదని కూడా అందులో రాద్దాం. అది నిజం, అది నీదే. మీ నాన్న తిప్పి పంపకుండా ఉంచుకోవడానికి ఈసారి నిజమైనదే పంపొచ్చు.

నువ్వు రాయకపోతే పదిహేనున ఉత్తరం నా ఒక్క పేరుతో వెళ్తుంది. సారు సంతకం పెట్టకపోయినా వెళ్తుంది. ఒక ప్రతి మీ ఆసుపత్రికి కూడా. ఇది బెదిరింపే. వేరే పేరు పెట్టను.

పద్నాలుగున అన్నయ్య వ్యానులో అక్కడికి వస్తాడు. నీ జవాబు విన్నాకే రంగులు చెబుతాడు. కవర్లు ఇక మోయనన్నాడు, కాబట్టి నాకు రాసేది పోస్టులో వెయ్యి.

పెద్ద ఉత్తరం అక్కర్లేదు. తిట్లూ అక్కర్లేదు, రెండువైపులా సరిపోయాయి. పన్నెండూ ముంచాక ఏ రంగుకీ తేడా కనబడకపోతే, 'కనబడలేదు' అని ఒక్క మాట రాయి. ఆగస్టు పద్నాలుగులోగా నాకు అందాలి.

నీ మరదలు